గులాబీ కుందేలు కథలో కనపడని లెక్కలు

మా అక్క కూతురికి పదకొండేళ్లు. మొన్న వేసవి సెలవుల్లో దానికి 'వెన్ హిట్లర్ స్టోల్ పింక్ రాబిట్' అనే నవల ఇచ్చాను. హిట్లర్ గులాబీ కుందేలును ఎత్తుకుపోయినప్పుడు అని అర్థం. హిట్లర్ అధికారంలోకి రాగానే జర్మనీ వదిలిపోయిన ఒక యూదు కుటుంబం కథ. మూడు రోజుల్లో చదివేసి పుస్తకం తెచ్చి నా ఒళ్లో పడేసింది. "పిన్నీ, హిట్లర్ కథ అంటే చాలా భయమేస్తుందనుకున్నాను. వీళ్లు హాయిగా రైలెక్కి వెళ్లిపోయారుగా! మిగతావాళ్లు కూడా అలాగే వెళ్లిపోవచ్చు కదా, ఎందుకు వెళ్లలేదు?" అంది.

అప్పటికప్పుడు ఏదో చెప్పాను. ఆ జవాబు నాకే సరిపోలేదు. ఎందుకంటే ఈ ప్రశ్న పిల్లలు మాత్రమే అడిగేది కాదు. పెద్దవాళ్లం కూడా "ముందే జాగ్రత్తపడి ఉండాల్సింది" అని ఎంత తేలిగ్గా అనేస్తామో! ఆ ఒక్క మాటతో తప్పంతా చచ్చిపోయినవాళ్ల నెత్తిన పడుతుంది. అందుకే ఈ నవలనే దగ్గర పెట్టుకుని, ఆ కుటుంబం అసలు ఎలా దాటగలిగిందో, మిగతావాళ్లు ఎక్కడ ఆగిపోయారో నిదానంగా విప్పి చూద్దామనిపించింది.

రచయిత్రి జుడిత్ కెర్ 1923లో బెర్లిన్‌లో పుట్టారు. ఈ పుస్తకం 1971లో ఇంగ్లండ్‌లో వచ్చింది. పేరుకు నవలే గానీ చాలావరకు ఆమె సొంత కథ. ఇందులో తొమ్మిదేళ్ల అమ్మాయి పేరు అన్నా. రచయిత్రి పూర్తి పేరులో మొదటి పేరు కూడా అన్నాయే. ఆమె ఎనిమిదేళ్ల కొడుకు ఒకసారి 'ది సౌండ్ ఆఫ్ మ్యూజిక్' సినిమా చూసి, అమ్మ చిన్నప్పుడు ఎలా ఉండేదో ఇప్పుడు తెలిసిందని అన్నాడట. అలా లేదు నాన్నా, ఇలా ఉండేది అని చెప్పడానికే ఆమె ఈ పుస్తకం మొదలుపెట్టారు. పుస్తకం నిండా పరుగులు, కాల్పులు లేకపోవడానికి కారణం అక్కడే ఉంది. తొమ్మిదేళ్ల పిల్ల కళ్లకు ఏది ఎంత కనిపించిందో అంతే రాశారు. మిగిలింది మనం పూరించుకోవాలి.

ముందు తేదీలు చూద్దాం. 1933 జనవరి 30న హిట్లర్ జర్మనీ ఛాన్సలర్ అయ్యాడు. జుడిత్ తండ్రి ఆల్‌ఫ్రెడ్ కెర్ అప్పటికి జర్మనీలో చాలా పేరున్న నాటక విమర్శకుడు. నాజీలను రాతల్లోనూ రేడియోలోనూ ఉతికి ఆరేసినవాడు. ఫిబ్రవరి మధ్యలో ఆయన జ్వరంతో మంచం మీద ఉండగా ఒక పోలీసు అధికారి ఫోన్ చేసి, మీ పాస్‌పోర్టు లాక్కోబోతున్నారని చెప్పాడు. ఆయన ఆ జ్వరంతోనే దేశం దాటేశాడు. ఫిబ్రవరి 27 రాత్రి పార్లమెంటు భవనం తగలబడింది. తెల్లవారేసరికి అరెస్టులు మొదలయ్యాయి, పౌర హక్కులు రద్దయ్యాయి. ఆ విడతలో పట్టుకున్న రచయితల్లో ఎరిక్ మ్యూజామ్ ఉన్నాడు, కార్ల్ ఫాన్ ఒసియెట్‌స్కీ ఉన్నాడు. మ్యూజామ్‌ను 1934లో నాజీల నిర్బంధ క్యాంపులో చంపేశారు. ఒసియెట్‌స్కీకి క్యాంపు నుంచి ఆసుపత్రికి మార్చాక, నాజీల నిఘాలో ఉండగా నోబెల్ శాంతి బహుమతి వచ్చింది. ఆ క్యాంపుల్లో పట్టుకున్న జబ్బుతోనే 1938లో చనిపోయాడు. ఆ ఫోన్ రాకపోయి ఉంటే, లేదా ఈ జ్వరం తగ్గాక చూద్దాంలే అనుకుని ఉంటే, కెర్ పేరు కూడా ఆ వరసలోనే ఉండేది.

భార్య యూలియా, పిల్లలిద్దరూ మార్చి 4న స్విట్జర్లాండ్ రైలెక్కారు. మర్నాడు, మార్చి 5న ఎన్నికలు. ఆ ఎన్నికల తర్వాతి రోజు పొద్దున్నే తమ పాస్‌పోర్టుల కోసం నాజీలు ఇంటికి వచ్చారని జుడిత్ తర్వాత ఇంటర్వ్యూల్లో చెప్పేవారు.

సరిహద్దు దగ్గర పాస్‌పోర్టులు చూసే మనిషి రైలు పెట్టెలోకి వచ్చే ఘట్టం నవలలో ఒకటి ఉంది. అన్నాకు తల్లి ముఖంలో ఏమీ కనపడదు. చేతిసంచీ మాత్రం కనపడుతుంది. తల్లి దాన్ని ఎంత గట్టిగా పట్టుకుందంటే అది నలిగి వంకర పోతోంది. ఆ మనిషి చూసి వెళ్లిపోయాక అన్నా తేలిగ్గా నోరు తెరవబోతే, తల్లి చూసిన ఒక్క చూపుకు నోరు మూసుకుంటుంది. ఆ పేజీలో భయం అన్న మాటతో పని పడలేదు, ఆ సంచీ చాలు. మా పిల్లకు ఆ పేజీ గుర్తే లేదు. నేను చూపిస్తే రెండోసారి చదివి, "ఓహ్" అని ఊరుకుంది.

ఇక్కడే నేను చెప్పదలచుకున్న ముఖ్యమైన సంగతి ఉంది. కెర్ కుటుంబం బతకడానికి ఒక కారణం, వాళ్లకు అందరికన్నా ముందు ప్రమాదం రావడం. కత్తి మొదటి నెలలోనే వీళ్ల మెడ మీదికి వచ్చింది. ఆలోచించుకునే వ్యవధి, సర్దుకుపోయే వీలు రెండూ లేవు. అదే ఏ చిన్న ఊళ్లోనో బట్టలకొట్టు పెట్టుకున్న యూదుడికి, ఏ బడిపంతులికో, ప్రమాదం అలా ఒక్క దెబ్బకు రాలేదు. కొంచెం కొంచెంగా వచ్చింది. 1933 ఏప్రిల్ 1న యూదుల దుకాణాలకు వెళ్లొద్దని బహిష్కరణ పెట్టారు. అది ఒక్క రోజుతో అయిపోయింది. ఏప్రిల్ 7న ప్రభుత్వ ఉద్యోగాల నుంచి తీసేసే చట్టం వచ్చింది. అందులో మొదటి ప్రపంచ యుద్ధంలో సరిహద్దున పోరాడినవాళ్లకు మినహాయింపు ఇచ్చారు. ఆ యుద్ధంలో దాదాపు లక్షమంది యూదులు జర్మనీ తరఫున పనిచేశారు, పన్నెండు వేలమంది ప్రాణాలిచ్చారు. యుద్ధంలో వచ్చిన పతకం గోడకు వేలాడుతున్న ఇంట్లో కూర్చుని, ఇది నా దేశం కాదని ఎవరు మాత్రం అనుకుంటారు? ఇంత గోల ఎన్నాళ్లుంటుంది, సద్దుమణుగుతుందిలే అనుకున్నారు. 1933లోనే సుమారు 37 వేలమంది యూదులు జర్మనీ వదిలివెళ్లారు. వాళ్లలో కొందరు బయట బతుకుతెరువు దొరక్క, ఇంటి మీద బెంగతో వెనక్కి కూడా వచ్చేశారు. 1935 వచ్చేసరికి ఆ పతకాల మినహాయింపూ పోయింది.

ఇప్పుడు చాలామందికి అర్థంకాని ఇంకో చిక్కు. అసలు యూదులంటే ఎవరు? నవల మొదట్లోనే దీని మీద ఒక సంభాషణ ఉంది. అన్నా, ఆమె స్నేహితురాలు ఎల్స్‌బెత్ బడి నుంచి ఇంటికి వస్తూ హిట్లర్ పోస్టరు చూస్తారు. నువ్వు యూదురాలివా, అయితే మీకు వేరే చర్చి ఉంటుందా అని ఎల్స్‌బెత్ అడుగుతుంది. మేం అసలు చర్చికే వెళ్లం అంటుంది అన్నా. మరి యూదులెలా అయ్యారంటే, అమ్మానాన్నలు యూదులు కాబట్టి, వాళ్ల అమ్మానాన్నలు కూడా అయ్యుంటారు కాబట్టి అని తనకు తోచింది చెబుతుంది. పిల్లల ముచ్చటలా కనిపించే ఆ నాలుగు మాటలే నాజీ చట్టానికి పునాది. వాళ్లకు దేవుడితో, ప్రార్థనతో పని లేదు. తాతలను లెక్కపెట్టారు.

ఆ లెక్క కూడా ఒక్కలా లేదు. 1933 ఏప్రిల్ 11న వచ్చిన నిబంధన ప్రకారం తాతయ్యలిద్దరు, అమ్మమ్మ, నానమ్మ, ఈ నలుగురిలో ఒక్కరు యూదులైనా చాలు, ఆ మనిషి 'ఆర్యుడు' కాడు, ప్రభుత్వ ఉద్యోగం పోతుంది. 1935 న్యూరెంబర్గ్ చట్టాల తర్వాత నలుగురిలో ముగ్గురో నలుగురో యూదులైతే పూర్తి యూదుడని, ఒకరిద్దరైతే 'మిశ్రమ రక్తం' అని విడదీశారు. అంటే క్రైస్తవుడిగా పుట్టి, చర్చిలో పెళ్లి చేసుకుని, ముసలివాడైపోయిన మనిషి కూడా ఎప్పుడో చనిపోయిన నానమ్మ వల్ల ఒక ఉదయం 'ఆర్యుడు కానివాడు' కావచ్చు. మతం మారితే తప్పించుకునే దారి అందులో లేదు. ఈ సంగతి తెలియకపోతే ఆ కాలపు కథ ఏదీ సరిగా అర్థంకాదు.

నవలలో జూలియస్ అంకుల్ ఈ లెక్కకే బలైపోతాడు. ఆయన అన్నా వాళ్ల నాన్న స్నేహితుడు. జంతుశాస్త్రం తెలిసినవాడు, మ్యూజియంలో ఉద్యోగం. రాజకీయాలు పట్టవు. ఇదంతా త్వరలో చల్లారిపోతుందన్న నమ్మకంతో బెర్లిన్‌లోనే ఉండిపోతాడు. ఆయనకు ఒక్క నానమ్మో అమ్మమ్మో యూదురాలని బయటపడుతుంది. ఉద్యోగం పోతుంది. చిన్నాచితకా పని ఏదో చేసుకుంటూ, రోజూ సాయంత్రం జంతుప్రదర్శనశాలకు వెళ్లి జంతువుల దగ్గర కూర్చుంటాడు. అది ఆయనకు మిగిలిన ఒకే ఒక్క సంతోషం. ఒకరోజు ఆ ప్రవేశ పాస్ కూడా తీసేసుకుంటారు. ఆయన నిద్రమాత్రలు మింగి చనిపోతాడు. ఆయన గడియారం అన్నా వాళ్ల అన్న మాక్స్‌కు చేరుతుంది.

మా పిల్లకు ఈ భాగం గుర్తుంది గానీ అంతుపట్టలేదు. "జూ పాస్ తీసేస్తే ఎవరైనా చచ్చిపోతారా పిన్నీ?" అని అడిగింది. చాలాసేపు ఆలోచించాను. ముందు ఉద్యోగం, తర్వాత స్నేహితులు, తర్వాత పార్కులో బెంచీ, తర్వాత ఈత కొలను, తర్వాత సినిమా హాలు. ఒక్కోటీ విడిగా చూస్తే దానికోసం ఎవరూ ప్రాణం తీసుకోరు. అవి ఒకదాని తర్వాత ఒకటి పోతూ ఉంటే, మనిషికి రేపు అన్నది కనపడకుండా పోతుంది. నువ్వు బడికి వెళ్లడం మానిపించి, నీ ఫ్రెండ్స్ నీతో మాట్లాడటం మానేసి, చివరికి మన వీధి కుక్కపిల్లతో కూడా ఆడుకోనివ్వకపోతే ఎలా ఉంటుంది అని అడిగాను. అది జవాబు చెప్పలేదు. ఈ పుస్తకంలో భయంకరమైనదేమీ లేదన్న మాట మాత్రం మళ్లీ అనలేదు.

ఇక డబ్బు సంగతి. దేశం వదిలిపోవడానికి టికెట్ ఉంటే చాలదు. హిట్లర్ రాకముందే, 1931 డిసెంబరులో జర్మనీ ఒక 'పలాయన పన్ను' పెట్టింది. ధనవంతులు సొమ్ము పట్టుకుని విదేశాలకు పోకుండా ఆపడం అప్పటి ఉద్దేశం. ఆస్తి 2 లక్షల మార్కులు దాటినవాళ్లు వెళ్లేటప్పుడు అందులో నాలుగో వంతు కట్టాలి. నాజీలు ఆ పాత చట్టాన్నే పట్టుకుని 1934లో ఆ హద్దును 50 వేల మార్కులకు దించారు. అలా మధ్యతరగతి ఇళ్లు కూడా అందులో పడ్డాయి. మిగిలిన సొమ్ము బ్యాంకులో స్తంభింపజేసిన ఖాతాలో ఉంటుంది. దాన్ని విదేశీ డబ్బుగా మార్చుకోవాలంటే తరుగు పోతుంది. 1939 నాటికి ఆ తరుగు ఎంత పెరిగిందంటే నూరు మార్కులకు పది మార్కుల విలువ కూడా చేతికి రాలేదు. ఒక పక్క 'వెళ్లిపొండి' అని తరుముతారు, ఇంకో పక్క వెళ్లేవాడి జేబు ఖాళీ చేస్తారు. జేబు ఖాళీ అయినవాణ్ని ఏ దేశం రానిస్తుంది?

రానివ్వలేదు. ఇది ఈ కథలో అతి చేదైన భాగం. అమెరికా ఏడాదికి జర్మనీ వాళ్లకు 25,957 వీసాలు కేటాయించింది. 1937 దాకా ఏ ఏడాదీ ఆ సంఖ్య కూడా నిండలేదు. అడిగేవాళ్లు లేకనా? కాదు, ప్రభుత్వానికి భారమవుతారేమో అన్న నెపంతో కాన్సులేట్లు తిప్పి పంపేవి. 1938 జులైలో ఫ్రాన్స్‌లోని ఎవియాన్‌లో 32 దేశాలు సమావేశమై ఈ శరణార్థుల గురించి మాట్లాడుకున్నాయి. డొమినికన్ రిపబ్లిక్ తప్ప చెప్పుకోదగ్గ సంఖ్యలో తీసుకుంటామన్న దేశం లేదు. అదే ఏడాది అక్టోబరులో యూదుల పాస్‌పోర్టుల మీద ఎర్రగా 'జె' అక్షరం ముద్రించడం మొదలుపెట్టారు. యూదులు ఎవరో సరిహద్దులోనే తెలిసేలా ఏదో ఒకటి చేయాలని స్విట్జర్లాండ్ పట్టుబట్టడం వల్ల వచ్చిన ముద్ర అది. అయిదేళ్ల ముందు అన్నా కుటుంబం దిగింది ఆ స్విట్జర్లాండ్‌లోనే. చేతిసంచీ నలిపేసుకుంటూ కూర్చున్న ఆ తల్లి 1938లో అదే రైలు ఎక్కి ఉంటే, పాస్‌పోర్టు తెరిచిన క్షణంలోనే కథ అయిపోయేది.

కెర్ కుటుంబం దేశం దాటాక కూడా వాళ్లను వదల్లేదు. 1933 మే 10న తగలబెట్టిన పుస్తకాల్లో ఆల్‌ఫ్రెడ్ కెర్‌వి కూడా ఉన్నాయి. ఆగస్టు 25న జర్మన్ పౌరసత్వం రద్దు చేసిన మొదటి జాబితా వెలువడింది. మొత్తం 33 పేర్లు, అందులో ఆయన ఒకరు. పౌరసత్వంతో పాటు ఆస్తి కూడా పోయే చట్టం అది. కథలో తండ్రి తలకు వెయ్యి మార్కుల వెల కట్టారని అన్నా వింటుంది. తలకు వెల అంటే ఏమిటో ఆ పిల్లకు తెలియదు. నాన్న తల మీద నాణేలు వర్షంలా పడి ఊపిరాడకుండా చేస్తాయేమో అని ఊహించుకుని రాత్రుళ్లు బెదిరిపోతుంది. ఇల్లు, పుస్తకాలు, పియానో, ఆటబొమ్మలు అన్నీ నాజీలు తీసుకుపోతారు. వచ్చేటప్పుడు ఒక్క బొమ్మే తెచ్చుకోవచ్చంటే అన్నా కొత్తగా వచ్చిన ఉన్ని కుక్కను తెచ్చుకుని, ఏళ్ల తరబడి పక్కలో పెట్టుకు పడుకున్న గులాబీ కుందేలును వదిలేసింది. కొన్నాళ్లలో వెనక్కి వస్తాం కదా అనుకుంది. హిట్లర్ ఇప్పుడు నా కుందేలును ముద్దాడుతూ ఉంటాడేమో అని కుమిలిపోతుంది. లక్షలమంది బతుకుల నుంచి దోచుకున్నది ఎంతో అంకెల్లో చెబితే మనసుకు ఎక్కదు. ఈ కుందేలు ఎక్కుతుంది.

తండ్రికి స్విట్జర్లాండ్‌లో రాతపని దొరకలేదు. తటస్థ దేశం కదా, హిట్లర్‌తో ఎందుకొచ్చిన గొడవ అని అక్కడి పత్రికలు జంకాయి. పారిస్‌కు బయలుదేరారు. దారిలో బాసెల్ స్టేషన్లో రైలు మారాలి. వ్యవధి లేదు. కూలీ సామాను ఎత్తుకుని పరుగెత్తి వీళ్లను ఒక రైలెక్కిస్తాడు. కాస్త ఊపిరి తీసుకుని చూస్తే, ఆ రైలు స్టుట్‌గార్ట్‌ది. జర్మనీకి తిరిగి వెళ్లే రైలు! బోర్డు చూసింది అన్నాయే. సామాను కిందికి విసిరి దిగేసరికి అది కదులుతుంది. కూలీ పొరపాటు చేశాడా, కావాలనే ఎక్కించాడా అన్నది నవల తేల్చదు. నాకు మాత్రం మొత్తం పుస్తకంలో అన్నిటికన్నా ఒళ్లు జలదరించిన చోటు ఇదే. వెలకట్టిన తల, పక్క ప్లాట్‌ఫారమ్, రెండు నిమిషాలు.

ఎక్కడ ఆగారన్నది ప్రాణాల లెక్క అని గట్టిగా అనిపించేది కూడా ఇక్కడే. డైరీ రాసి, చివరికి నాజీ క్యాంపులో చనిపోయిన అమ్మాయిగా మనవాళ్లకు బాగా తెలిసిన ఆన్ ఫ్రాంక్‌ను తీసుకోండి. ఆమె కుటుంబమూ 1933లోనే జర్మనీ వదలడం మొదలుపెట్టింది. వాళ్లదీ ముందుచూపే. వాళ్లు ఆమ్‌స్టర్‌డామ్‌లో స్థిరపడ్డారు. 1940 మేలో జర్మన్ సైన్యం అక్కడికీ వచ్చింది. 1941లో తండ్రి అమెరికా వెళ్లడానికి చేయని ప్రయత్నం లేదు, కుదరలేదు. కెర్ కుటుంబం మాత్రం ఇంగ్లిష్ ఛానెల్ దాటింది. దాటించింది కూడా ఏ మహా వ్యూహమో కాదు. నెపోలియన్ తల్లి మీద ఆల్‌ఫ్రెడ్ కెర్ ఒక సినిమా కథ రాశాడు. లండన్‌లో ఉన్న దర్శక నిర్మాత అలెగ్జాండర్ కోర్డా దాన్ని వెయ్యి పౌండ్లకు కొన్నాడు. ఆ సినిమా తీయనేలేదు. ఆ వెయ్యి పౌండ్లతో 1936 నాటికి నలుగురూ ఇంగ్లండ్‌లో ఉన్నారు. వాళ్లు వదిలి వచ్చిన పారిస్‌లో 1942 జులై 16, 17 తేదీల్లో ఫ్రెంచి పోలీసులే ఇళ్లకు వచ్చి 13,152 మంది యూదులను పట్టుకెళ్లారు. వాళ్లలో నాలుగు వేలమందికి పైగా పిల్లలు. అన్నాలాగే ఫ్రెంచి బడికి వెళ్లినవాళ్లు ఎంతమందో.

ఆ బడి గురించి ఒక మాట చెప్పకుండా ఉండలేను. పారిస్‌లో మొదట అన్నాకు ఒక్క ముక్క అర్థంకాదు. రోజంతా తలనొప్పి. ప్రతి మాటనూ జర్మన్‌లో అనుకుని, ఫ్రెంచిలోకి మార్చుకుని, అప్పటికి క్లాసు ముందుకు వెళ్లిపోయి, ఒకటే టెన్షన్. ఒకరోజు ఉన్నట్టుండి మొత్తం వాక్యం నోట్లోంచి వచ్చేస్తుంది. ఈత వచ్చినట్టు. పిల్లలకు అలా వస్తుంది. అరవై దాటిన తండ్రికి తర్వాత లండన్‌లో ఇంగ్లిష్ అలా రాలేదు. ఆయనకున్న ఆస్తి ఆయన జర్మన్. బెర్లిన్‌లో ఏ నాటకం నిలబడుతుందో, ఏది పడుతుందో ఆయన వాక్యం చెప్పేది. లండన్‌లో ఆయన వాక్యాలు చదివేవాళ్లు లేరు. చవక హోటల్ గదుల్లో ఉంటూ, అమ్ముడుపోని రాతలు రాస్తూ గడిపాడు. తెలుగులోనే ఆలోచించి, తెలుగులోనే రాసే మనిషిని ఒక్కసారిగా తెలుగు చదివేవాళ్లు లేని ఊళ్లో పెడితే ఎలా ఉంటుందో నాకు ఊహకు అందుతుంది. తప్పించుకున్నారు అని మనం అనే మాటలో ఈ నష్టం ఎక్కడా లెక్కకు రాదు. పిల్లలు ఇంగ్లిష్‌వాళ్లు అయిపోయారు. అన్న మైఖేల్‌ను (నవలలో మాక్స్ ఈయనే) 1940లో శత్రుదేశస్థుడని చెప్పి కొన్నాళ్లు నిర్బంధించారు. ఆ తర్వాత ఆయన బ్రిటిష్ వైమానిక దళంలో పనిచేసి, పెద్ద న్యాయమూర్తి అయ్యాడు.

ఈ నవల 1973లో జర్మన్‌లోకి వెళ్లింది, 1974లో అక్కడి బాలసాహిత్య బహుమతి పొందింది. దశాబ్దాలుగా జర్మన్ బడుల్లో పిల్లలతో చదివిస్తున్నారు. తాతలు ఏం చేశారో ఇంట్లో ఎవరూ మాట్లాడని పిల్లలకు, తమ ఊళ్లోనే తమ ఈడు అమ్మాయికి ఏం జరిగిందో చెప్పింది. కెర్ కుటుంబం ఉన్న ఇల్లు బెర్లిన్‌లో గ్రూనెవాల్డ్ అనే చోట ఉండేది. ఆ చుట్టుపక్కలే ఇప్పుడు జుడిత్ కెర్ పేరుతో ఒక ప్రాథమిక పాఠశాల ఉంది. ఆ సంగతి చెబితే మా పిల్ల, "అక్కడ ఏ మీడియం?" అని అడిగింది. రెండు భాషల్లో చెబుతారు అన్నాను. జర్మన్, ఫ్రెంచి.